పాఠం 9: డాక్టర్ మేరీ వర్గీస్

పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. చేతులున్న కుర్చీలో కూర్చోండి. కాళ్ల బలం వాడకుండా, రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, శరీరాన్ని జానెడు ఎత్తు పైకి లేపండి. పది అంకెలు లెక్కపెట్టి నెమ్మదిగా దిగండి. భుజాలు గుంజుతున్నాయా? ఈ పాఠంలో మీరు తెలుసుకోబోయే వైద్యురాలికి ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి పనులే దినచర్య. ఎందుకో కొంచెం ముందుకు వెళ్లాక మీకే అర్థమవుతుంది.

మేరీ వర్గీస్ 1925లో, నేటి కేరళలో కొచ్చి దగ్గర ఉన్న చెరాయిలో పుట్టారు. కలిగిన కుటుంబం. చదువుకు లోటు లేదు. వైద్యవిద్య కోసం ఆమె మద్రాసు రాష్ట్రంలోని వేలూరుకు వచ్చారు. మనవాళ్లు రాయవేలూరు అని పిలిచే ఊరే అది. చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల్లో పెద్ద జబ్బు చేస్తే రైలెక్కి కాట్పాడిలో దిగి ఆ ఆసుపత్రికి వెళ్లినవారు మీ బంధువుల్లోనే ఉండవచ్చు. ఐడా స్కడర్ అనే అమెరికన్ వైద్యురాలు 1900లో ఒకే ఒక మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. 1918లో ఆమె స్త్రీల కోసం వైద్యపాఠశాల కూడా తెరిచారు. మేరీ చదువు ముగించి, స్త్రీల వ్యాధుల విభాగంలో పనికి కుదిరారు. ప్రసూతి వైద్యంలో పై చదువు చదవాలన్నది ఆమె ఆలోచన.

1954 జనవరి 30న కొందరు యువ డాక్టర్లు కలిసి విహారయాత్రకు బయలుదేరారు. మేరీ కూడా వెళ్లారు. దారిలో వాహనం బోల్తా పడింది. ఆమె ముఖానికి పెద్ద గాయమైంది. ఆ మచ్చ జీవితాంతం ఉండిపోయింది. అంతకంటే పెద్ద గాయం పైకి కనబడలేదు. అది వెన్నులో తగిలింది. నడుము కింది భాగమంతా చచ్చుబడింది. అప్పటికి ఆమెకు ఇంకా 29 ఏళ్లు నిండలేదు.

ఏం జరిగిందో అర్థం కావాలంటే వెన్నెముక సంగతి కొంచెం తెలియాలి. దారానికి గుచ్చిన పూసల్లా వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి నిలిచి ఉంటాయి. వాటి మధ్య బోలుగా ఉన్న దారిలో వెన్నుపాము ఉంటుంది. మెదడు నుంచి కాళ్లకు వెళ్లే ఆజ్ఞలు, కాళ్ల నుంచి మెదడుకు వచ్చే స్పర్శ, నొప్పి అన్నీ ఈ దారిలోనే నడుస్తాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది. తెగిన వెన్నుపాము అతుక్కోదు. నేటికీ దాన్ని తిరిగి కలిపే వైద్యం లేదు.

ఇక్కడ కథను ఆపి ఒక మాట చెప్పాలి. పరీక్ష కోసం కాదు, మీ ఊరి కోసం. తాటిచెట్టు మీద నుంచి పడినవారు, లోతు చూసుకోకుండా బావిలోకి తలకిందులుగా దూకిన కుర్రవాళ్లు, కబడ్డీ బరిలో మెడ మీద బరువు పడినవారు, బస్సు ప్రమాదంలో చిక్కుకున్నవారు, వీళ్లందరికీ ఈ దెబ్బ తగలవచ్చు. పడిన మనిషిని చూడగానే మనం ఏం చేస్తాం? చంకల కింద చేతులు పెట్టి లేపుతాం, కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తాం. అదే ప్రమాదం. పూస కదిలి ఉంటే ఆ లేపడంలోనే వెన్నుపాము నలిగిపోతుంది. కాళ్లు కదలడం లేదన్నా, తిమ్మిరిగా ఉందన్నా, మెడ, వెన్ను నొప్పి అన్నా లేపవద్దు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురు ఒకేసారి పట్టి, తలుపు చెక్క లాంటి గట్టి బల్ల మీదికి చేర్చాలి. తల కదలకుండా ఒకరు పట్టుకునే ఉండాలి. అలాగే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మళ్లీ మేరీ దగ్గరకు వద్దాం. ఆమె వైద్యాన్ని పర్యవేక్షించిన వారు డాక్టర్ పాల్ బ్రాండ్. ఈయన ఇంగ్లీషు దంపతులకు 1914లో మన దేశంలోనే పుట్టినవారు. ఎముకలు, కీళ్ల శస్త్రవైద్యులు. 1946 నుంచి వేలూరులో పనిచేస్తున్నారు. మేరీకి ఎన్నో శస్త్రచికిత్సలు జరిగాయి. నెలల తరబడి మంచంలోనే ఉన్నారు. ఆమెకు చేయగలిగినదంతా చేశారు, కాళ్లను మాత్రం తిరిగి ఇవ్వలేకపోయారు.

స్పర్శ లేని శరీరంతో బతకడం ఎంత కష్టమో ఆరోగ్యంగా ఉన్నవారికి తట్టదు. మీరు ఈ పాఠం చదువుతూనే ఇప్పటికి నాలుగైదుసార్లు అటూ ఇటూ కదిలి ఉంటారు. కూర్చున్నచోట ఒత్తిడి పడగానే శరీరం హెచ్చరిస్తుంది, మీరు తెలియకుండానే ఒరుగుతారు. మేరీ శరీరం ఆ హెచ్చరిక ఇవ్వదు. ఒత్తిడి పడినచోట రక్తం ఆగి, చర్మం నల్లబడి, పుండు పడి, ఎముక దాకా తినేస్తుంది. వీటినే పడకపుండ్లు అంటారు. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామంది ఈ పుండ్లతోనో, మూత్రకోశం చీము పట్టడంతోనో కొద్ది కాలంలోనే చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు ఈ పరిస్థితిని మార్చారు. ఆయన చేసిన పనుల్లో కొత్త మందేమీ లేదు. రోగిని రేయింబవళ్లు రెండేసి గంటలకు ఒకసారి పక్క మార్చడం, మూత్రకోశాన్ని శుభ్రంగా ఉంచడం, పైభాగం కండరాలకు వ్యాయామం ఇవ్వడం, ఆటలు ఆడించడం. అంతే. ఆయన 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, చక్రాల కుర్చీల్లోని 16 మందికి విలువిద్య పోటీ పెట్టారు. నేటి పారాలింపిక్స్‌కు అదే పునాది. కుర్చీలో కూర్చున్నవారు మధ్యమధ్య శరీరాన్ని చేతులతో పైకి లేపుకుంటూ ఉండాలి. పాఠం మొదట్లో మీరు చేసినది ఆ పనే.

ఇక మేరీ ఏం పని చేయాలి? ప్రసవాలు చేయడానికి నిలబడాలి. ఒక దారి బ్రాండ్‌కు తోచింది. చేతి శస్త్రచికిత్స కూర్చునే చేస్తారు. డాక్టరు కుర్చీకి చక్రాలు ఉంటేనేం, లేకపోతేనేం! కుష్ఠు వ్యాధి వల్ల వంకరపోయిన చేతులను బ్రాండ్ అప్పటికే కొన్నేళ్లుగా బాగు చేస్తున్నారు. ఆ పనిలోకి మేరీని పిలిచారు.

ఆ శస్త్రచికిత్స ఎలాంటిదో చూడండి. మోచేయి వెనుక, దెబ్బ తగిలితే జిల్లుమనే చోటు ఒకటుంది కదా. అక్కడ చర్మం కిందే ఒక నాడి వెళుతుంది. కుష్ఠు క్రిములు ఆ నాడిని దెబ్బతీస్తే అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడి, వేళ్లు గద్దగోళ్లలా ముడుచుకుపోతాయి. అన్నం ముద్ద కూడా పట్టలేరు. అయితే ముంజేతిలోని పెద్ద కండరాలు చాలావరకు బాగానే ఉంటాయి. ఇదే బ్రాండ్ కనిపెట్టినది. కండరాన్ని ఎముకకు కలిపే తెల్లని గట్టి తాడును స్నాయుబంధనం అంటారు. (వాడుకలో మనం దీన్నీ నరమే అంటాం, నాడినీ నరమే అంటాం. ఈ పాఠం వరకు రెంటినీ వేరుగా గుర్తుంచుకోండి.) వేలిని ముడిచే స్నాయుబంధనాలు ప్రతి వేలికి రెండేసి ఉంటాయి. ఒక వేలి నుంచి ఒకదాన్ని విడదీసి, నాలుగు పాయలుగా చీల్చి, అరచేతి లోపలి నుంచి నాలుగు వేళ్లకూ కుడతారు. ఇప్పుడు ముంజేతి కండరం లాగితే వేళ్లు మళ్లీ సరైన తీరులో వంగుతాయి.

ఇక్కడితో పని సగమే అయింది. దాదాపు మూడు వారాలు చేయి పిండికట్టులో ఉంటుంది. కట్టు తీశాక రోగి తన చేతినే కొత్తగా నేర్చుకోవాలి. ఇన్నాళ్లూ ఒక పనికి అలవాటుపడిన కండరం ఇప్పుడు మరో పని చేయాలి. వ్యాయామం మానేస్తే ఎంత చక్కగా కుట్టినా చేయి బిగుసుకుపోతుంది.

ఇదే సూత్రం నేడు ఆటగాళ్ల విషయంలోనూ కనబడుతుంది. కబడ్డీలో, ఫుట్‌బాల్‌లో పాదం నేలకు ఆని ఉండగానే ఒళ్లు గిర్రున తిరిగితే మోకాలి లోపలి సంధిబంధనం, అంటే ఎముకకు ఎముకను కట్టే పట్టీ, తెగిపోవచ్చు. ఒకప్పుడు దాంతో ఆట ముగిసినట్టే. ఇప్పుడు తొడ వెనుక ఉన్న స్నాయుబంధనాన్ని కొంత తీసి, చిన్న రంధ్రాల గుండా గొట్టపు కెమెరాతో చూస్తూ, తెగిన పట్టీ స్థానంలో అమరుస్తారు. శస్త్రచికిత్స కొద్ది గంటల పని. తిరిగి బరిలోకి దిగడానికి మాత్రం తొమ్మిది నెలలు పట్టడం మామూలే. ఆ తొమ్మిది నెలల వ్యాయామం ఎవరు చేయించాలి, ఎలా చేయించాలి అన్నది శస్త్రచికిత్స అంత పెద్ద ప్రశ్న. మన దేశంలో ఆ ప్రశ్నను పట్టించుకున్న తొలి వైద్యుల్లో మేరీ ఒకరు.

చక్రాల కుర్చీలో కూర్చుని ఆమె ఒకదాని తర్వాత ఒకటిగా చేతులు బాగు చేశారు. కుష్ఠు రోగుల వేళ్లు రాలిపోవడానికి కారణం మాంసం కుళ్లడం కాదనీ, నొప్పి తెలియక వేడి గిన్నెలు పట్టుకుని, గాయాలను పట్టించుకోకపోవడమేననీ బ్రాండ్ చెప్పేవారు. ఈ విషయం మేరీకి పుస్తకంలో చదవవలసిన పని లేదు. నొప్పి తెలియని శరీరాన్ని కళ్లతో చూసి కాపాడుకోవడం ఆమెకు సొంత అనుభవం. కాలి కింద నిప్పు ఉందేమో, చర్మం ఎర్రబడిందేమో రోజూ వెతికి చూసుకోవాలి. ఆమె ఆ రోగులకు చెప్పవలసినదీ, తాను చేయవలసినదీ ఒకటే.

తన లాంటి వారి సంగతి ఆమెను వదలలేదు. వెన్ను విరిగి వచ్చినవారికి అప్పుడు ఆసుపత్రి చేసేది కొంతే. గాయం మానగానే ఇంటికి పంపేవారు. ఇంట్లో మంచానికి కట్టేసినట్టు పడి ఉండి, పుండ్లతో తిరిగి వచ్చేవారు, లేదా రానే వచ్చేవారు కారు. 1950ల చివర మేరీ ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వెళ్లారు. అక్కడి రాయల్ పెర్త్ ఆసుపత్రిలో జార్జ్ బెడ్‌బ్రూక్ అనే ఎముకల శస్త్రవైద్యుడు 1954లో వెన్నుపాము గాయాలకు ప్రత్యేక విభాగం ప్రారంభించి ఉన్నారు. మంచం మీద నుంచి కుర్చీలోకి ఎవరి సాయం లేకుండా మారడం, ఒంటరిగా స్నానం చేయడం లాంటి పనులు నేర్పే చోటు అది. ఎవరో ఎత్తి కూర్చోబెట్టే మనిషికీ, తానే కూర్చునే మనిషికీ ఎంత తేడా ఉంటుందో ఊహించండి. తర్వాత 1960ల మొదట్లో న్యూయార్కు వెళ్లి, హోవర్డ్ రస్క్ నడిపే పునరావాస వైద్య సంస్థలో శిక్షణ పొందారు. రస్క్ యుద్ధకాలంలో గాయపడిన విమానదళ సైనికులకు వైద్యం చేసినవారు. గాయం మానాక మనిషి ఏ పని చేసి బతకాలో అది కూడా డాక్టరు బాధ్యతే అన్నది ఆయన పద్ధతి.

కోరుకుంటే ఆమె ఆ దేశాల్లోనే ఉండిపోవచ్చు. అక్కడ మెట్లు తక్కువ, సౌకర్యాలు ఎక్కువ. ఆమె వేలూరుకు తిరిగి వచ్చి, 1963లో పునరావాస వైద్య విభాగం బాధ్యత తీసుకున్నారు. 1966లో వేలూరు శివారు బాగాయంలో రోగులు ఉండి నేర్చుకునే పునరావాస సంస్థ మొదలైంది. మామూలు ఆసుపత్రిలో రోగి పడుకుంటే డాక్టరు నిలబడి మాట్లాడతారు. ఇక్కడ డాక్టరే కుర్చీ తోసుకుంటూ వార్డులోకి వచ్చేవారు. మంచం మీది మనిషికి ఏమని ధైర్యం చెప్పాలా అని ఆమె వెతుక్కోనక్కరలేకపోయింది.

ఆ సంస్థ నేర్పినది పల్లె బతుకుకు పనికివచ్చేది. విదేశాల్లో నునుపు నేలపై నడిచే కుర్చీ మన మట్టిదారిలో కదలదు. ఇంటి గుమ్మం దాటదు. చెట్టెక్కి బతికిన మనిషి ఇక చెట్టెక్కలేడు. అతనికి కూర్చుని చేసే పని ఏదో నేర్పాలి. ఇంట్లో వాళ్లకు పక్క మార్చడం, పుండు రాకుండా చూడడం నేర్పాలి. ఇవన్నీ కలిస్తేనే వైద్యం పూర్తవుతుంది.

1972లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. అదే ఏడాది జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో, 1965 యుద్ధంలో గాయపడిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ ఈతలో మన దేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం తెచ్చారు. ఈ రెండు సంగతులకూ నేరుగా సంబంధం లేదు. కానీ ఒకే సంవత్సరం కాబట్టి రెండూ కలిపి గుర్తుంచుకోవడం మీకు తేలిక. మేరీ వర్గీస్ 1986 డిసెంబరులో మరణించారు. ఆమె మొదలుపెట్టిన సంస్థ బాగాయంలో కొనసాగింది. వికలాంగుల హక్కులకు చట్టం ఆమె పోయాక 1995లో వచ్చింది. దాని స్థానంలో మరింత విస్తృతమైన చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ భవనాల్లోకి చక్రాల కుర్చీ వెళ్లే వీలు ఉండాలని ఇవి చెబుతాయి.

కృత్యం: ఒక టేపు తీసుకుని మీ ఊరి బడి, పంచాయతీ కార్యాలయం, ఆరోగ్య ఉపకేంద్రం దగ్గరకు వెళ్లండి. చక్రాల కుర్చీ సులువుగా పట్టాలంటే ద్వారం వెడల్పు 90 సెంటీమీటర్లు ఉండాలి. వాలుదారి ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. మూడు చోట్ల కొలతలు తీసి నోటుపుస్తకంలో రాయండి. మీ అధ్యయన కేంద్రం గుమ్మాన్ని కూడా కొలవడం మరచిపోవద్దు.