మన మందుబిళ్ళల వెనుక మహనీయుడు – డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు



నేను చిట్యాలలో స్థిరపడిన విశ్రాంత గుమాస్తాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళ మధ్యనే గడిపాను. నోట్ రాసేది ఒకరు, సంతకం చేసేది మరొకరు. ఆర్డరు మీద కనిపించేది సంతకం చేసినవారి పేరే. ఇది మనకందరికీ అనుభవమే. ప్రత్యేక సంచికకు ఎవరి గురించి రాయాలా అని ఆలోచిస్తే, అందుకే నాకు సుబ్బారావు గారు గుర్తుకు వచ్చారు.

మా ఇంటావిడకు కీళ్ళవాతం. డాక్టరు గారు చెప్పినట్టు వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్, వేరే రోజున ఫోలిక్ యాసిడ్ వేసుకుంటుంది. మన నల్లగొండ జిల్లాలో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి డీ.ఇ.సి. మాత్రలు పంచిన సంగతి మీకు తెలుసు. ఈ మూడింటి వెనుకా ఒక తెలుగువాడి కృషి ఉన్నదని నాకు రిటైరైన తర్వాతగాని తెలియలేదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. గ్రహణి వ్యాధి ఇద్దరు సోదరులను పొట్టన పెట్టుకున్నది. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు ధరించినందుకు ఒక ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందారు. 1920ల తొలినాళ్ళలో అమెరికా వెళ్ళి హార్వర్డులో చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. ఇక్కడ వదిలి వెళ్ళిన భార్యను, తల్లిని చూడటానికి మళ్ళీ రాలేకపోయారు.

1925లో ఫిస్కే గారితో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్‌ను నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. పరిశోధకుల లోకంలో ఒక వ్యాసం విలువను, తర్వాతి వ్యాసాలు దాన్ని ఎన్నిసార్లు పేర్కొన్నాయో లెక్కగట్టి కూడా చూస్తారు. మనం కొత్త ఫైలులో పాత జీ.వో. నంబరు వేసినట్టే అది. ఆ లెక్కలో 1925 నాటి ఈ వ్యాసం జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా పేర్కొనబడిన వాటిలో ఒకటిగా దశాబ్దాల పాటు నిలిచింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టీ.పీ.ని 1929లోను ఈ ఇద్దరే ప్రకటించారు. ఏ.టీ.పీ.ని అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. ఇంత చేసినా సుబ్బారావు గారికి హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కలేదు.

1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. సోదరులను బలిగొన్న జబ్బుకు అదే మందైంది. 1947లో డీ.ఇ.సి. వచ్చింది.

కణం రెట్టింపు కావాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. దానిలాగే కనిపిస్తూ దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను లెడర్లీ వారు తయారుచేశారు. బోస్టన్‌లో ఫార్బర్ గారు రక్త క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి చూడగా 10 మందికి నయం కనిపించింది. అది తాత్కాలికమే. అయినా ఆ జబ్బును మందుతో వెనక్కి నెట్టవచ్చని తేలింది. 1948 జూన్‌లో వచ్చిన ఆ వ్యాసం కింద అయిదుగురి పేర్లున్నాయి. సుబ్బారావు గారి పేరు వారిలో లేదు. తప్పు పట్టడానికి లేదు, వైద్యం చేసినవారు వాళ్ళే. మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కు తోబుట్టువు. 1956లో గర్భసంచికి సంబంధించిన ఒక క్యాన్సరును ఈ మందుతోనే పూర్తిగా నయం చేయగలిగారు.

అది చూడటానికి ఆయన లేరు. 1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే కన్నుమూశారు. నోబెల్ రాలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

వ్యాసాలను, పేర్లను మాత్రమే లెక్కవేస్తే ఇటువంటివారు సగమే కనిపిస్తారు. మిగతా సగం మందుల డబ్బాల్లో ఉన్నది.

చివరగా ఒక మనవి. మెథోట్రెక్సేట్ వాడే మిత్రులు డాక్టరు చెప్పిన వారంనాడే వేసుకోండి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. మా ఇంట్లో ఆ రోజును క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెట్టుకున్నాం. ఆ గుర్తు చూసినప్పుడల్లా భీమవరం బిడ్డ నాకు గుర్తుకొస్తారు.