జైహింద్ సఫ్రానీ సాహెబ్

ఆగస్టు పదిహేను నాడు మా బడి పిల్లలు జైహింద్ అని అరుస్తుంటే, ఆ మాట ఎవరిదర్రా అని మేము ఒకసారి అడిగాము. నేతాజీదన్నారు. ఊరంతటికీ వినిపించింది నేతాజీయే గాని, వెతికి తెచ్చింది మాత్రం హైదరాబాదు బిడ్డ జనాబ్ ఆబిద్ హసన్.

వారు 1911లో పుట్టారు. తల్లిగారు విదేశీ బట్టలు తగలబెట్టించిన ఇల్లాలు. అలాంటి ఇంట పెరిగిన కుర్రవాడు కాలేజీ మానేసి సబర్మతీ ఆశ్రమానికి వెళ్లడంలో వింతేముంది? తర్వాత ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్లారు. యుద్ధకాలంలో బెర్లినులో నేతాజీని కలుసుకుని, చదువు కట్టిపెట్టి, ఆయనకు కార్యదర్శి అయ్యారు.

ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన మన సిపాయిలతో అక్కడ సుమారు 3,000 మంది దళం ఒకటి తయారైంది. తెల్లవాళ్ల పల్టన్లలో జాతికో కంపెనీ, మతానికో వంటశాల. పలకరింపు కూడా ఎవరిది వారిదే. ఒకరిది సలాం, ఒకరిది రాంరాం, ఒకరిది సత్ శ్రీ అకాల్. వీళ్లందరినీ కలిపి ఒక్క ఫౌజు చెయ్యాలంటే అందరి నోటా పలికే మాట ఒకటుండాలి గదా! జై హిందుస్తాన్ కీ అన్నదాన్ని కుదించి ఆబిద్ గారు జైహింద్ చేశారు.

జెండా రంగు దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. హిందూ సిపాయిలు కాషాయమన్నారు, ముస్లిములు పచ్చ అన్నారు. చివరకు హిందువులే పట్టు వదులుకున్నారు. అది చూసి ఆబిద్ గారి మనసు కరిగింది. వాళ్లు వదులుకున్న ఆ రంగును తన పేరులో పెట్టుకున్నారు. మన ఉర్దూలో జాఫ్రాన్ అంటే కుంకుమపువ్వు. ఆ విధంగా సఫ్రానీ అయ్యారు.

1943 ఫిబ్రవరిలో నేతాజీ జర్మన్ జలాంతర్గామి ఎక్కినప్పుడు వెంట వెళ్లిన భారతీయుడు ఈయన ఒక్కరే. ఏప్రిల్లో మడగాస్కర్ దగ్గర, పోటెత్తిన సముద్రంలో, రబ్బరు పడవ మీద జపాను జలాంతర్గామిలోకి మారారు. జూలైలో సింగపూరులో ఆజాద్ హింద్ ఫౌజ్ నాయకత్వం నేతాజీ చేతికొచ్చింది.

1944లో ఆ ఫౌజు బర్మా మీదుగా ఇంఫాల్ వైపు నడిచింది. రంగూను వలస మన ఉత్తరాంధ్ర ఇళ్లకు కొత్త కథ కాదు. 1942లో అడవుల వెంట నడిచొచ్చిన మన పెద్దలు ఆ దారులెలాంటివో ఎరుగుదురు. వాన పట్టుకుంది. తిండి లేదు, మలేరియా, విరేచనాలు. తిరుగుదారిలో తుపాకీ దెబ్బకన్నా రోగానికి పోయినవాళ్లే ఎక్కువ. ఆ తిరుగు నడకలో సఫ్రానీ గారూ ఉన్నారు.

1945 ఆగస్టులో సైగాన్ దాకా నేతాజీ వెంట ఉన్నారు. విమానంలో రెండే చోట్లు దొరికాయి. నేతాజీతో కర్నల్ హబీబుర్ రహమాన్ ఎక్కారు, ఈయన వెనకబడ్డారు. తర్వాత ఖైదు. ఎర్రకోట విచారణ, దేశమంతటా గొడవ, ఆపై విడుదల.

స్వరాజ్యం వచ్చింది. సఫ్రానీ గారు విదేశాంగ శాఖలో చేరి, డెన్మార్కులో రాయబారిగా ఉండి, 1969లో హైదరాబాదు తిరిగొచ్చారు. ఆయనకు పదవైతే దొరికింది గాని, ఆ సిపాయిలను మాత్రం మన సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. ఇది మాకు ఇప్పటికీ మింగుడు పడదు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం 1972లో గాని రాలేదు. అప్పటికి ఎందరు మిగిలారో!

కలకత్తాలో నేతాజీ పేరిట ఉన్న సంస్థలో సఫ్రానీ గారు ప్రసంగించినప్పుడు చెప్పింది ఆ ఇంఫాల్ సిపాయిల సంగతే. 1984లో కన్నుమూశారు.