పెట్టెల శిల్పి లూయీ విట్టన్

మన పాత యిండ్లలో భోషాణ మను పెద్దపెట్టె యుండెడిది. నా చిన్ననాట మా తాతగారి యింటను ఒకటి యుండెను. ఇత్తడి పాత్రలు, పెండ్లినాటి పట్టుబట్టలు, తాటియాకు గ్రంథములు అందులో దాచెడివారు. నలుగురు కూడినను దానిని కదల్చుట కష్టము. అది యింట నుండుటకు చేసినదే కాని ఊరు వెడలుటకు చేసినది కాదు. ప్రయాణమునకు వలయు పెట్టె వేరు. అది తేలికగా నుండవలెను, దెబ్బలకు ఓర్వవలెను, వానకు తడవరాదు, దొంగలకు లొంగరాదు. ఈ నాలుగు గుణములను ఒక్క పెట్టెయందు కూర్చుటకై జీవితమంతయు పాటుపడిన ఒక ఫ్రెంచి పనివాని చరిత్ర మిది.

ఫ్రాన్సు దేశమునకు తూర్పున, స్విట్జర్లాండు సరిహద్దు చేరువను, జూరా యను కొండసీమ కలదు. అచ్చటి ఆంషే యను చిన్న పల్లెలో 1821వ సంవత్సరము ఆగష్టు 4వ తేదీన లూయీ విట్టన్ జన్మించెను. తండ్రి వ్యవసాయదారు. లూయీకి పదేండ్ల ప్రాయమున తల్లి మరణించెను. తండ్రి మరల వివాహ మాడెను. సవతి తల్లి పాలనము కఠినముగా నుండెనని చెప్పుదురు. 1835లో, పదునాలుగవ యేడు నిండకమునుపే, ఆ బాలుడు ఇల్లు విడిచి పారిస్ నగరమునకు కాలినడకను బయలుదేరెను.

పారిస్ అచ్చటికి ఇంచుమించు 470 కిలోమీటర్లు. విజయవాడనుండి చెన్నపట్టణమునకు గల దూరముకన్న కొంచె మెక్కువ యన్నమాట. చేతిలో ధనము లేదు. త్రోవలో దొరకిన పనియెల్ల చేయుచు, కూడు దొరకినచోట కొన్నాళ్లు నిలుచుచు, మరల నడచుచు పోయెను. ఈ ప్రయాణమునకు రెండేండ్లు పట్టెను. అతడు పారిస్ చేరునప్పటికి 1837వ సంవత్సరము, అతని వయస్సు పదునారేండ్లు. ఇల్లు విడిచి పోయిన పిల్లలను నేను మెచ్చుకొనుచున్నానని మీరు తలంపవలదు. ఆ రెండేండ్లలో అతడు ఎన్ని రాత్రులు ఆకలితో పరుండెనో ఎవరును వ్రాసియుంచలేదు.

పారిస్‌లో మరెషాల్ అను పెట్టెల పనివాని యొద్ద లూయీ పని నేర్చుకొనుటకు చేరెను. ఆ వృత్తిని గూర్చి కొంత చెప్పవలెను. ఆ కాలమున ఐరోపాలోని ధనికుల స్త్రీలు గజములకొలది బట్టతో కుట్టిన మిక్కిలి వెడల్పైన పావడాలు ధరించెడివారు. అట్టి దుస్తులను ముడుతలు పడకుండ పెట్టెలో నుంచుట సామాన్యమైన పని కాదు. అందువలన ప్రయాణ మనగానే పెట్టెలవానికి కబురు పోయెడిది. అతడు ఇంటికి వచ్చి, వస్తువులను కొలిచి, తగిన పెట్టెలు చేసి, దుస్తులను తన చేతులతో మడిచి అందులో సర్దెడివాడు. పెట్టె చేయువాడును, సామాను సర్దువాడును ఒక్కడే. ఈ పనిలో లూయీ పదునేడేండ్లు గడపెను. ఏ పట్టుబట్ట ఏ మడతలో నలుగునో, ఏ గాజుసీసా ఏ కుదుపునకు పగులునో అతని వ్రేళ్లకు తెలిసిపోయెను.

అతడు పారిస్ చేరిన 1837లోనే ఆ నగరమునుండి ప్రయాణికుల కొరకు మొదటి రైలుమార్గము తెరువబడెను. ఇది కాకతాళీయమే. కాని అతని జీవితమంతయు దీనితో ముడిపడియున్నది.

1852లో మూడవ నెపోలియన్ ఫ్రాన్సునకు చక్రవర్తి యయ్యెను. మరుసటి యేడు అతడు యూజెనీ యను ప్రభువంశపు కన్యను వివాహమాడెను. ఆమె దుస్తులు సర్దు పని లూయీకి లభించెను. ఇల్లు విడిచి నడచివచ్చిన పల్లె బాలుడు రాజమందిరమున ప్రవేశించెను. 1854లో అతడు ఎమిలీ అను కన్యను పెండ్లియాడి, ఆ యేడే పారిస్ నడిబొడ్డున స్వంత దుకాణము పెట్టుకొనెను. రాణిగారి ఆదరమువలననే అతడు గొప్పవాడయ్యెనని పలువురు వ్రాయుదురు. నా కట్లు తోచదు. ఆ ఆదరము అతనికి ద్వారము తెరచెను, అంతే. అతని గొప్పతనమంతయు ఒక మూతలో నున్నది.

పూర్వము ప్రయాణపు పెట్టెల మూతలు బండిగూడువలె గుండ్రముగా నుండెడివి. అందుకు కారణము లేకపోలేదు. గుఱ్ఱపుబండి కప్పుమీద పెట్టెలు కట్టుదురు. వాన కురిసినచో మూతపై నీరు నిలువక జారిపోవలెను. పెట్టెకు తోలు తొడిగెడివారు. తోలు గట్టిదే, కాని బరువు. నానిన తోలునకు బూజు పట్టును, వాసన వచ్చును, ఎండినచో పగుళ్లు వచ్చును. ఇంతలో రైళ్లు, పొగయోడలు వచ్చెను. సామాను బండికప్పును విడిచి, రైలుపెట్టెలోనికిని ఓడ గర్భములోనికిని పోయెను. అచ్చట వాన లేదు, చోటు మాత్రము కొఱత. గుండ్రని మూతపై మరియొక పెట్టె నిలువదు, జారి పడును. ఐనను పనివారందరు గుండ్రని మూతలే చేయుచుండిరి. వాడుక యెందులకు పుట్టెనో మరచిన పిదపను వాడుక మాత్రము నిలిచియుండుట లోకమున కలదు.

1858లో లూయీ బల్లపరుపు మూతగల పెట్టెను చేసెను. ఇప్పుడు మనకు ఇది వింతగా తోచదు. మన యిండ్లలోని రేకు ట్రంకుపెట్టెల మూతలును చదునుగానే యున్నవి కదా! కాని ఆనాడు అది క్రొత్త. ఒకదానిపై నొకటి ఎన్ని పెట్టెలనైన పేర్చవచ్చును. మూత చదునైన పిమ్మట నీటి భయము మరల కలిగెను. దానికి అతడు వేరు ఉపాయము పన్నెను. తోలునకు బదులుగా బూడిదవన్నె గల దిట్టమైన గుడ్డను తీసికొని, రై యను ధాన్యపు పిండితో చేసిన జిగురు దానికి పట్టించి, నీరు దిగకుండ చేసెను. ఆ గుడ్డను పెట్టెకు అంటించెను. తోలుకన్న అది ఎంతయో తేలిక.

లోపలి కొయ్య పాప్లార్ చెట్టుది. అది తేలికయైన చెక్క. బాగుగ ఆరినచో వంగదు. పైని బీచ్ చెట్టు బద్దలను వరుసగా మేకులతో బిగించెడివారు. పెట్టెను నేలపై ఈడ్చినను బద్దలే అరుగును గాని గుడ్డ చినుగదు. మూలలకు లోహపు తొడుగులు. లోపల దుస్తుల బరువు ఒకదానిపై నొకటి పడకుండ, తీసి పెట్టదగిన పళ్లెములవంటి అరలు. తోలును అతడు పూర్తిగా విడువలేదు. చేయి పట్టుకొను పిడికి తోలును మించినది లేదు. ఐరోపాలో సింధూర జాతి వృక్షముల బెరడుతో తోళ్లను పదును చేయుదురు. మన ప్రాంతమున తంగేడుచెక్కతో చేయుట మీలో కొందరు విని యుందురు. అట్లు బెరడుతో పదునైన తోలు మొదట లేతవన్నెలో నుండి, చేతులు తగిలినకొలది ముదురువన్నెకు తిరుగును.

పని పెరిగెను. 1859లో పారిస్ చేరువను, సేన్ నది యొడ్డున నున్న ఆస్నియెర్ గ్రామమున అతడు కార్యశాలను నిర్మించెను. కొయ్య నదిమీద వచ్చును. తయారైన పెట్టెలు రైలులో పారిస్ చేరును. మొదట ఇరువదిమంది పనివారుండిరి. తరువాత తన నివాసమును ఆ కార్యశాల ప్రక్కనే కట్టుకొనెను. 1867 నాటి పారిస్ విశ్వప్రదర్శనమున అతని పెట్టెలకు కంచు పతకము లభించెను.

తరువాత గొప్ప ఆపద వచ్చెను. 1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము జరిగెను. చక్రవర్తి బందీ యయ్యెను. రాణి ఇంగ్లండునకు పారిపోయెను. శత్రుసేనలు పారిస్‌ను ముట్టడించెను. లూయీ కుటుంబముతో నగరములో తలదాచుకొనెను. ముట్టడి ముగిసి ఆస్నియెర్‌కు తిరిగి పోయి చూచునప్పటికి కార్యశాల కొల్లగొట్టబడియుండెను. పనిముట్లు లేవు. పనివారు చెదరిపోయిరి. ఆదరించిన రాణి లేదు, ఆ రాజ్యమే లేదు. అతనికి ఏబదియేండ్లు సమీపించుచుండెను. పదునారేండ్లప్పుడు ఏమియు లేనిచోట మొదలుపెట్టుట యొకటి. ఏబదియేండ్లకు మరల మొదలుపెట్టుట వేరొకటి. ఐనను 1871లోనే అతడు పారిస్‌లో స్క్రీబ్ వీథిలో క్రొత్త దుకాణము తెరచెను. ఆ చోటు రైలు స్టేషనుకును, గొప్ప హోటలునకును చేరువ. ప్రయాణికు లెచ్చట దిగుదురో అచ్చటనే అతడు నిలిచెను. వ్యాపారము మునుపటికన్న వృద్ధి నొందెను.

వృద్ధితోపాటు మరియొక బాధ పుట్టెను. ఇతరులు అతని పెట్టెలను చూచి అట్టివే చేసి అమ్మసాగిరి. చదునైన మూతను చూచి ఎవడైనను చేయవచ్చును కదా! బూడిదవన్నె గుడ్డ అందరికిని దొరకును. 1872లో లూయీ చారల గుడ్డకు మారెను. దానినిగూడ అనుకరించిరి. 1876లో చారల వన్నె మార్చెను. ప్రయోజనము కొంతకాలమే. 1888లో చదరంగపు బల్లవలె గడులుగల గుడ్డను ప్రవేశపెట్టి, అది నమోదైన తన గుర్తు అను మాటలను ఆ గుడ్డమీదనే కనబడునట్లు చేసెను.

దొంగల మాట ఇంకను మిగిలియున్నది. బరువైన పెట్టెలతో పోవు ధనికులనిన దొంగలకు పండుగ. 1886లో లూయీయు, అతని కుమారుడు జార్జియు కలసి క్రొత్త తాళము కనిపెట్టిరి. రెండు స్ప్రింగు కొక్కెములకు నడుమ ఒక్క తాళము. ప్రతి తాళమునకు ఒక సంఖ్య. కోరినవారికి ఎన్ని పెట్టెలున్నను ఒకే తాళపుచెవితో తెరచునట్లు అమర్చి యిచ్చెడివారు. 1885లో లండన్ నగరమునను వారి దుకాణము వెలసెను. దుకాణపు వ్యవహారములను అంతకుముందే కుమారునకు అప్పగించి, లూయీ ఆస్నియెర్‌లో పనివారి నడుమనే యుండెను.

1892 ఫిబ్రవరి 27వ తేదీన తన డెబ్బదియవ యేట, ఆ కార్యశాల ప్రక్కయింటనే అతడు మరణించెను. నాలుగేండ్లకు, 1896లో, జార్జి తండ్రి పేరులోని రెండక్షరములను పువ్వులతో కలిపి క్రొత్త గుడ్డను వేయించెను. లోకమెల్ల ఎరిగిన గుర్తు అదియే. దానిని లూయీ చూడలేదు. నేడు ఆ అక్షరములు చేతిసంచులపైని, బూట్లపైని కనబడుచున్నవి. అతని చేతులు మాత్రము జీవితమంతయు పెట్టెలనే చేసెను. ఆస్నియెర్‌లోని ఆ యిల్లును, కార్యశాలయు ఇప్పటికిని ఉన్నవి. కోరి చేయించుకొను వారికి అచ్చట పాప్లార్ చెక్కతో, చేతి సుత్తెతో మేకులు కొట్టుచు, నేటికిని పెట్టెలు చేయుచున్నారు.