ఊళ్లు మారినా స్ఫటికాన్ని వదలని భగవంతం

పిల్లలూ, మీకు మూడు నాలుగేళ్లకో ఊరు కదా. సూరి భగవంతం గారికీ అంతే. 1909లో కృష్ణా జిల్లాలో పుట్టారు. కలకత్తాలో సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధన, ఆ తర్వాత వాల్తేరు, లండన్, హైదరాబాద్, బెంగళూరు. చివరికి 1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా మన ఢిల్లీకి వచ్చారు.

స్ఫటికంలో పరమాణువులు ఉదయం ప్రార్థనలో మీరు నిలబడే వరుసల్లా (అల్లరి లేకుండా!) ఉంటాయి. ఇసుకలో దొరికే క్వార్ట్జ్‌ను వేడిచేస్తే, 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కరగకుండానే పరమాణువులు కొద్దిగా జరిగి వరుస తీరు మారిపోతుంది. ఈ తీరునే సౌష్ఠవం అంటారు. నొక్కితే స్ఫటికంలో విద్యుత్తు పుడుతుందా లేదా అన్నది కూడా సౌష్ఠవాన్ని బట్టే ఉంటుంది. అలాంటివి గణితంతో లెక్కగట్టడమే భగవంతం గారి ప్రత్యేకత. ఢిల్లీలో అంత పెద్ద బాధ్యతలో ఉండగానే, 1966లో, స్ఫటిక సౌష్ఠవం మీద ఆయన పుస్తకం వెలువడింది.