పెద్దలకు బడి పెట్టిన బిషప్: దోర్నకల్ అజరయ్య

చదువునకు వయస్సు దాటిపోయినదను మాట మన పల్లెలలో తఱచు వినవచ్చును. నడివయస్సు వచ్చిన కూలివానికి పాఠము లెందులకు, వానికి ధర్మసూక్ష్మము లెట్లు బోధపడును అని చదువుకొన్నవారే సంశయించుట కలదు. ఈ సంశయమునకు మాటలతో గాక ముప్పదియైదేండ్ల కృషితో సమాధానము చెప్పిన మహనీయుడు దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. మతభేదముతో నిమిత్తము లేక ఉపాధ్యాయులును, విద్యార్థులును తెలిసికొనదగిన చరిత్ర మాయనది.

అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమయందలి వెళ్ళాలన్‌విళై అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి థామస్ వేదనాయగం ఆ గ్రామములోని క్రైస్తవ సంఘమునకు గురువు. ఇంటిభాష తమిళము. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని, పరీక్షలనాటి అనారోగ్యమువలన పట్టము చేత బడకయే కళాశాల విడువవలసి వచ్చెను. పట్టము రాలేదని ఆయన క్రుంగిపోలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణదేశమంతయు సంచరించి, యువకులతో కలసి మెలసి పనిచేసెను. తమ మతమును గూర్చిన కార్యము విదేశీయుల ధనముపైనను, అధికారముపైనను ఆధారపడరాదనియు, ఈ దేశపువారే తమ సొమ్ముతో, తమ మనుష్యులతో నడుపుకొనవలెననియు ఆయనకు దృఢమైన అభిప్రాయ మేర్పడెను. ఆ అభిప్రాయ ఫలితముగనే 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘమును, 1905లో సీరాంపూరున జాతీయ మిషనరీ సంఘమును వెలసినవి. ఆ రెండింటి స్థాపకులలో ఆయన యొకడు.

అప్పటికి దోర్నకల్ నైజాం రాజ్యములోని ఒక చిన్న రైలు కూడలి. కాజీపేట నుండి బెజవాడకు పోవు మార్గమున, ఇల్లెందు బొగ్గు గనులకు చీలిపోవు దారి యచ్చటనే మొదలగును. సింగరేణి అను పేరు దేశమునకు తెలిసిన దా గనులవలననే. బొగ్గు బండ్ల రాకపోకలు తప్ప ఆ పరిసరములలో నాడు వేఱు సందడి లేదు. 1909లో అజరయ్య గురుత్వాభిషేకము పొంది, నగరమందలి ఉద్యోగమును విడిచి, భార్య అన్బు మరియమ్మాళుతో ఈ ప్రాంతమునకు వచ్చెను. అప్పు డాయనకు ముప్పదియైదేండ్లు. తెలుగు ఆయన మాతృభాష కాదు. ఇతరులకు బోధింప వచ్చినవాడు ముందుగా తానే శిష్యుడై, ఆ వయస్సున కొత్త భాష నేర్చుకొనవలసి వచ్చెను. ఆయన దాని కెంతమాత్రము సిగ్గుపడలేదు. తెలుగు నేర్చి, తెలుగులో బోధించి, తెలుగువారి నడుమనే తక్కిన జీవితమంతయు గడపెను. పెద్దవానికి చదువు రాదను మాటను ఖండించు మొదటి నిదర్శన మాయనయే.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగించెను. తెల్లవారగు మిషనరీలు భారతీయులకు ధనమిచ్చిరి, విద్య యిచ్చిరి, శ్రమపడిరి. కాని సమానమైన స్నేహమును మాత్ర మీయలేదని ఆ సభలోనే నిర్భయముగ చెప్పెను. కొందఱు నొచ్చుకొనిరి; కొందఱు తలవంచి యాలోచించిరి. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్ దేవాలయములో ఆయన బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి నందిన మొదటి భారతీయు డాయనయే.

ఆయన శిష్యు లెవరు? ఎక్కువమంది మాల, మాదిగ కులములకు చెందిన వ్యవసాయ కూలీలు. తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు దొరల పొలములలో పని. అక్షరము చూచిన వంశము కాదు. ఊరి బడిలో చోటు లేదు. అట్టివారికి పుస్తకము చేతికిచ్చి చదువుమనుట వ్యర్థము. కావున చెవిద్వారా ప్రారంభించుటయే పద్ధతి యయ్యెను. పనినుండి తిరిగివచ్చిన పిమ్మట సాయంకాలము వాడలో ప్రార్థన. ఆ ప్రార్థనయే పాఠశాల. కథలు చెప్పుట, తెలుగు వరుసలలో కీర్తనలు పాడించుట, ముఖ్యమైన ప్రార్థనలను, ఆజ్ఞలను కంఠస్థము చేయించుట, వాని యర్థమును ప్రశ్నోత్తరములతో రాబట్టుట, పాఠక్రమ మిది. మన పల్లెలలో భజనవలనను, హరికథవలనను, వీధిభాగవతమువలనను అక్షరము రానివారుకూడ పురాణజ్ఞానము పొందుట అనాదినుండి యున్నదే గదా! ఆ దేశీయ మార్గమునే అజరయ్య ఆదరించెను.

బాప్తిస్మమునకు ముందు ఈ శిక్షణ తప్పనిసరి. కంఠపాఠముతో పరీక్ష ముగియలేదు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులను ఇంటినుండి వెడలగొట్టుట కూడ ఆ చదువులోని భాగమే. ఆత్మశుద్ధి వేఱు, ఇంటిశుద్ధి వేఱు అని ఆయన యెంచలేదు. మఱియు నేర్చినవాడు నేర్పవలెనను నియమము నుంచెను. బాప్తిస్మము పొందినవారిచే తల మీద చేయి పెట్టించి, తాము తెలిసికొన్నదానిని తోటివారికి చెప్పెదమని ప్రమాణము చేయించెడివాడు. నిన్నటి శిష్యుడు నేడు గురువగుట యనునదియే ఆ ఉద్యమమునకు బలము.

అయిన నీ పని కంతటికి గ్రామోపాధ్యాయుడే ఆధారము. అతని చదువు కొలది, జీతము స్వల్పము, చుట్టుప్రక్కల తోడు లేదు. ఒకసారి నేర్చి, ఏండ్ల తరబడి బోధించువాని జ్ఞానము బావిలో నీరు తోడినట్లు తరిగిపోవునని అజరయ్య గ్రహించెను. అందుచే ఉపాధ్యాయులను, గురువులను మరల మరల సమావేశపఱచి, వారికి క్రొత్తగా పాఠములు చెప్పెను. తానే వేదవ్యాఖ్యానము చేసెను. దోర్నకల్‌లో శిక్షణ పొందవచ్చిన పురుషులతో పాటు వారి భార్యలకును చదువు చెప్పించెను. భర్త వాడకు గురువైనచో భార్య ఆ వాడ స్త్రీలకు గురువు కావలెనని ఆయన యుద్దేశము. ఈ స్త్రీశిక్షణమున మరియమ్మాళు ఆయనకు కుడిభుజముగ నుండెను. 1935 నాటికి ఆయన అధ్యక్షమండలములో సుమారు 250 మంది భారతీయ గురువులును, రెండువేలకు పైగా గ్రామోపాధ్యాయులును పనిచేయుచుండిరి.

ఇంత జరిగినను అన్నియు సుగమముగ జరుగలేదు. కులభేదము దేవాలయ ద్వారముకడ ఆగలేదు; మాల మాదిగల నడుమ వైరము సంఘములోనికిని ప్రవేశించి ఆయనకు తుదివఱకు మనోవేదన కలిగించెను. అంతకంటె గొప్ప వివాదము 1930 తరువాతి దశకమున మహాత్మాగాంధీతో వచ్చెను. నిరక్షరులైన హరిజనులు మతముల తారతమ్యము నెఱుగజాలరనియు, వారి సామూహిక మతాంతరము హృదయపరివర్తనము కాదనియు గాంధీజీ భావించెను. పేదవాడు తన మనస్సు తాను తెలిసికొనగలడనియు, అక్షరము లేనంతమాత్రమున వివేకము లేదనుట వానిని చిన్నపఱచుటయే యనియు అజరయ్య వాదించెను. ఇద్దఱును దేశభక్తులే, ఇద్దఱును దీనజనులయెడ దయగలవారే. మత ప్రాతిపదికపై క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని అజరయ్య స్పష్టముగ పలికియుండెను. ఈ వివాదమున ఎవరి పక్షము న్యాయమో పాఠకులు తమ తమ బుద్ధిచే నిర్ణయించుకొనవచ్చును. కాని నిరక్షరుడైన పెద్దవానికి తెలిసికొను శక్తి కలదా లేదా యను ప్రశ్న మతముతో ముగియునది కాదు. అది ప్రతి ఉపాధ్యాయుడును ఎదుర్కొనవలసిన ప్రశ్న.

పట్టము లేక కళాశాల విడిచిన ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు బిరుద మిచ్చెను. ఆయన సంకల్పించి కట్టించిన ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న దోర్నకల్‌లో ప్రతిష్ఠింపబడెను. హిందూ ఆలయముల స్తంభములు, ముస్లిం కట్టడముల గుమ్మటములు, తామరపూవు, సిలువ అందు కలిసియున్నవి. చదువురాని భక్తుడు కన్నులతోనే చదువుకొనదగిన గ్రంథ మది. దక్షిణదేశమందలి వివిధ క్రైస్తవ శాఖల నైక్యపఱచుటకు 1919లో తరంగంబాడిలో ప్రారంభమైన ప్రయత్నమునకు ఆయన నాయకులలో నొకడు. ఆ యైక్యము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగ ఫలించెను. దానిని చూచు భాగ్య మాయనకు లేకపోయెను. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే కన్నుమూసెను.

దోర్నకల్ దారిని ఇల్లెందునుండి కదలిన బొగ్గు పరిశ్రమ కాలక్రమమున గోదావరి తీరమునకు విస్తరించి, రామగుండము, గోదావరిఖని, రామగిరి ప్రాంతములను కార్మికసీమగ మార్చినది. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి కుమారుని పలకవంక చూచి, తనకు కాలము మించినదని నిట్టూర్చుట ఈ సీమలో వింతకాదు. అట్టివాని ప్రక్క కూర్చుండదలచిన ఉపాధ్యాయునకు అజరయ్య చరిత్ర రెండు సంగతులు తెలుపుచున్నది. పెద్దవానికి నేర్పువాడు ముందుగా వాని భాష నేర్వవలెను. నేర్చినవానిచే వెంటనే మఱియొకనికి నేర్పింపవలెను. ఈ రెండును జరిగినచోట వయస్సు అడ్డము కాదు.