నీలం మాత్ర వెనకాల ఉన్న డాక్టరు గారు
(మహనీయుల జీవితాలు – డా. యల్లాప్రగడ సుబ్బారావు)

వారానికి ఒకసారి అన్నాలయ్యాక మనకి నీలం మాత్ర ఇస్తారు కదా. అందులో ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తం పట్టడానికి ఇస్తారు. వికారంగా ఉంటుందని కొందరు బుగ్గన పెట్టుకుని, చేతులు కడిగే చోట ఊసేస్తారు. నేనూ ఊసేశాను. ఇప్పుడు మానేశాను. ఎందుకో ఈయన గురించి చదివితే తెలుస్తుంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో బీదరికం. చిన్నప్పుడు కాశీ వెళ్ళి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయారు. దారిలోనే పట్టుకుని తీసుకొచ్చారు. వాళ్ళమ్మ వెంకమ్మ గారు పట్టుబట్టి చదివించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. తర్వాత మద్రాసులో డాక్టరు చదువు చదివారు.

ఆయన అన్నగారు పురుషోత్తం గారు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బొస్తే తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. అప్పుడు దానికి సరైన మందే లేదు.

1922లో సుబ్బారావు గారు అమెరికా వెళ్ళారు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూ రోగులకి అది పనిచేసింది. అన్నగారికి మాత్రం అందలేదు. బోదకాలుకి వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ కూడా ఆయన ప్రయోగశాల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టు 8న, 53 ఏళ్ళకే అమెరికాలో చనిపోయారు. మళ్ళీ మన దేశం రానేలేదు. నోబెల్ కూడా రాలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేరున తపాలా బిళ్ళ వేసింది.

మందు కనిపెట్టాక అది బీదవాళ్ళ దాకా రావాలి. 1970లో మన దేశం పేటెంట్ చట్టం చేసింది. దాని ప్రకారం ఒక కంపెనీ మందుని వేరే పద్ధతిలో ఇంకో కంపెనీ తయారుచేయొచ్చు. అందువల్ల మందుల ధరలు తగ్గాయి. 2005లో చట్టం మారింది. ఇప్పుడు కొత్త మందుకి పేటెంట్ ఉంటే 20 ఏళ్ళు వేరేవాళ్ళు చేయకూడదు. అందుకే కొన్ని కొత్త మందులు చాలా ఖరీదు. ఫోలిక్ యాసిడ్ పాతది కాబట్టి ఎవరైనా చేయొచ్చు, చవక.

చవకైనా మా అమ్మకి అందలేదు. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు మేము మిరపకోతలకి గుంటూరు వైపు వెళ్ళాం. ఎర్ర మాత్రలు ఊరికే ఇస్తారు. కాని అమ్మ పేరు మా గూడెం రిజిస్టరులో ఉంది, అమ్మ మిరప చేలో ఉంది. అమ్మ కళ్ళు తిరిగి చేలోనే పడిపోయింది. నాన్న రెండు రోజుల కూలి పెట్టి టానిక్ కొన్నాడు. ఇప్పుడు అమ్మా, తమ్ముడూ బాగానే ఉన్నారు.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. కోతలకి వెళ్ళే పిల్లలకి సెలవుల్లో సరిపడా మాత్రలు చేతికిచ్చి పంపండి. ఫ్రెండ్స్, మీరు కూడా మాత్ర ఊసేయకండి. ఇంటికెళ్ళినప్పుడు కడుపుతో ఉన్న అక్కలకి, వదినలకి ఎర్ర మాత్రల గురించి చెప్పండి. వలస వెళ్ళేముందే అడిగి తీసుకోమనండి.

– 9వ తరగతి విద్యార్థిని