చలిని సీసాలో దాచినాయన

మనింట్లో టీ పోసుకునే ఫ్లాస్కు వేడి కోసం పుట్టింది కాదు. చలి కోసం పుట్టింది. దాన్ని తయారుచేసిన జేమ్స్ డ్యువార్ 1842లో స్కాట్లాండులోని కింకార్డిన్‌లో పుట్టాడు. పదేళ్ల వయసులో గడ్డకట్టిన నీళ్లమీద మంచు పగిలి లోపల పడిపోయాడు. కీళ్లజ్వరం పట్టుకుని చాలాకాలం సరిగ్గా నడవలేకపోయాడు. ఆ రోజుల్లో ఊరి వడ్రంగి దగ్గర వయొలిన్లు చెయ్యడం నేర్చుకున్నాడు. ల్యాబులో ఆయన చేతివాటం అంతా అక్కడిదే.

1877 నుంచి లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్. అక్కడ వాయువుల్ని ద్రవాలుగా మార్చేవాడు. మార్చడం ఒక కష్టమైతే, నిలబెట్టుకోవడం ఇంకో కష్టం. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి గది వేడి కూడా దానికి పొయ్యిలాంటిదే. 1892లో రెండు గాజు గోడల సీసా చేసి, మధ్యలో గాలి తీసేశాడు. గాజుకి వెండిపూత పూసి రేడియేషన్‌కీ అడ్డం కట్టాడు. మనం హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్లో రాసే మూడు దారులూ ఒక్క సీసాతో దాదాపు మూసేశాడన్నమాట!

1898 మే 10న హైడ్రోజన్ లొంగింది. దాన్ని ముందే మైనస్ 205 డిగ్రీల దాకా చల్లబరిచి, 180 అట్మాస్ఫియర్ల ప్రెషర్ నుంచి సన్నటి రంధ్రంలోంచి వదిలాడు. ముందు చల్లబరచకపోతే హైడ్రోజన్ అలా వదిలినప్పుడు చల్లబడదు, వేడెక్కుతుంది. చివరికి దక్కింది 20 మిల్లీలీటర్లు. ఈ పనుల్లో జరిగిన పేలుళ్లకి ఇద్దరు సహాయకులకి చెరో కన్ను పోయింది. ఆ సంగతి చదివాక నాకు డ్యువార్ మీద మోజు కాస్త తగ్గింది.

ఆయన సీసాకి గట్టి మూత ఉండేది కాదు, ఆవిరి పైకి పోయేది. రాకెట్ ట్యాంకు అలా తెరిచి పెట్టలేం. ఎంత ఇన్సులేషన్ కట్టినా కొంత వేడి లోపలికి చేరుతుంది, హైడ్రోజన్ మరుగుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. నేలమీదైతే ఆవిరి పైన, ద్రవం కింద ఉంటాయి కాబట్టి పైన వాల్వు తెరిస్తే చాలు. కక్ష్యలో బరువు తెలియదు కాబట్టి ద్రవం ఎటైనా తేలుతుంది. వాల్వు తెరిస్తే ఆవిరికి బదులు ఇంధనమే బయటికి పోవచ్చు.

అందుకని ఇంజనీర్లు కొంచెం ద్రవాన్ని కావాలనే బయటికి లాగి సన్నటి రంధ్రంలోంచి వదులుతారు. ప్రెషర్ పడి అది ఇంకా చల్లబడుతుంది. దాన్ని గొట్టాల్లో తిప్పితే ట్యాంకులో మిగిలినదాని వేడి లాక్కుని, ఆవిరై బయటికి పోతుంది. కొంచెం పోగొట్టుకుని మిగతాది కాపాడుకోవడం అన్నమాట. వ్యోమనౌకల కోసం తయారుచేసిన ఈ పద్ధతి పేరు థర్మోడైనమిక్ వెంట్. నాకు మాత్రం అందులో డ్యువార్ రంధ్రమే కనిపిస్తుంది.

మనిషి మాత్రం మహా కోపిష్ఠి, గొడవలకి ముందుండేవాడు. ఫ్లాస్కుకి పేటెంటు తీసుకోలేదు. 1904లో జర్మనీలో పుట్టిన థర్మాస్ కంపెనీ దాన్నే అమ్ముకుంది. హీలియాన్ని ద్రవంగా మార్చే పందెంలో 1908లో హాలండ్‌కి చెందిన కామర్లింగ్ ఓనెస్ గెలిచాడు. నోబెల్ కూడా ఓనెస్‌కే వచ్చింది, డ్యువార్‌కి ఎప్పుడూ రాలేదు. 1923 మార్చి 27న, 80 ఏళ్ల వయసులో పోయాడు. అప్పటికీ రిటైరు కాలేదు.